ముందు పరుగెత్తనివ్వండి, కాగితం తర్వాత చూసుకుందాం



పోయిన ఆదివారం పొద్దున పాల్మాకులలో ఒక పిల్ల చెప్పులు విప్పేసి పరుగెత్తింది. హైవే పక్క ఖాళీ జాగాలో చున్నం గీతలు మేమే గీసుకున్నం. నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టిన. పైన విమానం దిగుతుంటే మిగతా పిల్లలంతా తలెత్తి చూస్తున్నరు. ఆ పిల్ల చూడలేదు. గీత దాటినంక కూడా ఇంకో ఇరవై అడుగులు పోయి ఆగింది. అట్ల పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు కడుపు నిండుతది. వెంటనే కడుపు మండుతది కూడా. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదవండి. ఈసారి కొంచెం పెద్దగనే రాస్తున్న.

పిల్ల పేరు రాయను. మహబూబాబాద్ జిల్లా గంగారం వైపు కోయ గూడెం వాళ్లది. అమ్మానాన్న ఇక్కడ ఒక ఫామ్‌హౌస్‌లో కాపలా ఉంటరు. శంషాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల గేట్లు తీసేది, చెట్లకు నీళ్లు పెట్టేది, కుక్కలకు అన్నం పెట్టేది చాలావరకు మన ఏజెన్సీ నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్లే. పిల్ల సర్కారు బడిలో ఎనిమిది చదువుతున్నది. ఈ ఏడు మండల స్థాయి ఆటల పోటీల్లో అండర్-14 పరుగుకు పేరు ఇద్దామనుకున్నది. పీఈటీ సార్ మంచోడు, పిల్ల పరుగు చూసి ముచ్చట పడ్డడు. కానీ ఫారం నింపేటప్పుడు ఆగిపోయిండు. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-2011. ఊరి బడి నుంచి తెచ్చిన టీసీలో 15-06-2012. ఈ ఏడు అండర్-14 అంటే 2012 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు. ఒక కాగితం ప్రకారం పిల్ల పందెంలో ఉంది, ఇంకో కాగితం ప్రకారం లేదు. బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నరు. అది పుట్టినప్పటినుంచీ లేదు.

వాళ్లమ్మను అడిగిన. "జాతర నుంచి ఇంటికొచ్చిన నెలకు పుట్టింది బిడ్డా" అన్నది. ఏ జాతర అంటే నవ్వింది. మేడారం జాతర రెండేండ్లకోసారి. 2010లో అయ్యింది, 2012లో అయ్యింది. ఆ తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె లెక్క నిజమైన లెక్కే, కానీ సర్కారు ఫారంలో ఆ లెక్క రాసే గడి లేదు.

నాది కూడా జాతర లెక్కే. 2000 జాతర అయినంక, ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టిన అని అమ్మ చెప్తది. మా అన్న అంతకు ముందు జాతర ఏడు పుట్టినోడు కాబట్టి నా విషయంలో అనుమానం లేదు. ఒకటో తరగతిలో వేసినప్పుడు బడిలో నా తేదీ 01-06-1999 అని రాసిండ్రు. ఐదేండ్లు నిండినట్టు చూపాలి కదా, అందుకు. తర్వాత ఊర్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు 01-01-2000 అని పడ్డది. రెండూ తప్పే. 2016లో 800 మీటర్లలో మా దగ్గర నన్ను దాటిన అమ్మాయి లేదు. అండర్-17 సెలెక్షన్‌కు పోయిన. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, "నీ తేదీ తేల్చుకొని రా" అన్నరు. ఎక్కడ తేల్చుకోవాలో ఎవరూ చెప్పలేదు. నాతోని వచ్చిన వార్డెన్ మేడమ్ నా కంటే ఎక్కువ ఏడ్చింది. ఆ రోజు నన్ను ఆపినాయన చెడ్డోడని నేను ఇప్పటికీ అనను. ఆయన చేతిలో ఉన్న రూల్ అది. నా కోపం రూల్ రాసిన తీరు మీద.

కాబట్టి రూల్ సంగతి మాట్లాడుకుందాం.

మన రాజ్యాంగంలో ఆటలు రాష్ట్ర జాబితాలో ఉన్నయి, 33వ అంశం. సినిమాలు, నాటకాలు, వినోదాలతోపాటు ఒకే వాక్యంలో. చదువు ఒకప్పుడు రాష్ట్రానిదే, 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయింది. అంటే బడిలో ఆడే ఆట రెండు ఇండ్ల మధ్య ఉన్న బాయి లాంటిది. నీళ్లు అందరూ తోడుకుంటరు, పూడిక ఎవరూ తియ్యరు. పిల్లల పోటీలు నడిపేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్. అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు మెట్లు. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం. ఈ మెట్లు ఎక్కితేనే చేతికి సర్టిఫికెట్ వస్తది. ఆ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా, ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో అర శాతం కోటా. ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చుకు ఇస్తరు. మన గూడెంలో ఒక ఇంటికి 10,000 అంటే ఎంతనో నేను చెప్పక్కరలేదు. "ఆటలే కదా, పోతే పోయినయ్" అనేవాళ్లకు ఇది చెప్పండి. మండల స్థాయిలో ఫారం దగ్గర ఆగిన పిల్లకు ఈ తలుపులన్నీ ఒకేసారి మూసుకపోతయి.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ చూడండి. నాలుగో తరగతిలో తీసుకుంటరు. ఎత్తు, బరువు, 30 మీటర్లు, 800 మీటర్లు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, నిలబడి దూకడం, అన్నీ కొలుస్తరు. కొలతల్లో మన పిల్లలు ఎవరికీ తగ్గరు. కానీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ లోపు పుట్టి ఉండాలి, దానికి సర్టిఫికెట్ ఉండాలి. ఎనిమిదేండ్ల పిల్లకు కాగితం లేకపోతే మెడిసిన్ బాల్ ముట్టుకునే వరకు కూడా రాదు.

ఇక్కడ మీలో కొందరు అడుగుతరు, మరి వయసు దొంగతనం సంగతేంది అక్కా అని. నిజమే. అది ఉన్నది. ఇరవై ఏండ్లోడు గడ్డం గీసుకొచ్చి అండర్-17లో ఆడుతుంటే నష్టపోయేది ఎవరు? మన పిల్లలే. నేను ఆడిన రోజుల్లో పక్క లైన్‌లో నిలబడ్డ అమ్మాయిని చూసి మేమంతా గుసగుసలాడుకున్న సందర్భాలు ఉన్నయి. వయసు తనిఖీ వద్దని నేను అనడం లేదు. తనిఖీ గట్టిగ ఉండాలె. కానీ పైసలున్నోళ్లు కావాలనుకున్న తేదీతోని కాగితం పుట్టిస్తరు. ఆ కాగితం చక్కగ ఉంటది, ఆధార్‌తోని కలుస్తది, టీసీతోని కలుస్తది. దొంగ కాగితం ఎప్పుడూ సరిగ్గనే ఉంటది. మన కాగితాలు నిజాయితీగ తప్పులు పడ్డయి కాబట్టి ఒకదానితో ఒకటి కలవవు. ఇప్పుడున్న పద్ధతి దొంగను పట్టదు, కలవని కాగితాన్ని పడ్తది.

కేంద్రం 2010లో ఆటల్లో వయసు మోసాలకు వ్యతిరేకంగా ఒక నియమావళి తెచ్చింది. పదిహేనేండ్ల తర్వాత, 2025 మార్చిలో కొత్త ముసాయిదా పెట్టింది. అది చదివిన. అందులో మంచివి ఉన్నయి. తప్పు తేదీ ఉన్నవాళ్లు ముందుకొచ్చి చెప్పుకోవడానికి ఆరు నెలల గడువు, రెండంచెల అప్పీలు, కావాలని మోసం చేసినోళ్లకు రెండేండ్ల నిషేధం, రెండోసారి చేస్తే జీవితకాలం. బాగుంది. కానీ మొదటిసారి పేరు నమోదు చేసేటప్పుడు మూడు పత్రాలు కావాలంట. నమోదైన వయసును డిజిటల్‌గా తాళం వేస్తరంట. మూడు పత్రాలు! మన దగ్గర రెండు కాగితాలుంటే రెండు తేదీలున్నయి, మూడోది తెస్తే మూడో తేదీ ఉంటది. ఎప్పుడో ఒక సారు చేతికొచ్చిన తేదీ రాస్తే, ఆ తేదీకే తాళం పడితే, ఆ పిల్ల దాన్ని జీవితాంతం మొయ్యాలె. తాళం వేసే ముందు లోపల ఏమున్నదో చూడాలని ఎవరన్నా చెప్పిండ్రా వాళ్లకు?

కాగితాలు కలవకపోతే ఎముకల పరీక్ష అంటరు. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్-రే తీసి ఎముకలు ఎంత ముదిరినయో చూసి వయసు చెప్పే పద్ధతి. టానర్-వైట్‌హౌస్ అని పేరు, క్రికెట్ బోర్డు కూడా చిన్న వయసు టోర్నీలకు వాడుతది. ఈ కొలత మొదట తయారైంది బ్రిటన్ పిల్లల ఎక్స్-రేల మీద. ఎముక ఎదుగుదల తిండి మీద, జబ్బుల మీద ఆధారపడుతది. రక్తం తక్కువుండి, ఏడాదికి రెండుసార్లు మలేరియా పడ్డ పిల్ల ఎముక, మూడు పూటలా పాలు తాగిన పిల్ల ఎముక ఒకే లెక్కన ముదురుతయా? పరీక్ష పనికిరాదని నేను అనను. అది ఒక అంచనా, ఒక ఏడు అటు ఇటు తేడా రావచ్చు. అండర్-14కూ అండర్-17కూ మధ్య గీత మాత్రం ఒక్క రోజు. ఒక ఏడు అటూఇటూ ఊగే కొలతతోని ఒక్కరోజు గీత మీద ఉన్న పిల్ల తలరాత రాయొద్దు. అనుమానం ఉంటే ఆ అనుమానం లాభం పిల్లకు ఇవ్వాలె.

ఇంకో చట్టం చూడండి, మీకు ఆశ్చర్యం అనిపిస్తది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 94వ సెక్షన్. ఒక పిల్లాడు నేరం కేసులో బోర్డు ముందుకు వస్తే, వయసు తేల్చడానికి మొదట బడి సర్టిఫికెట్ చూడాలె. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అది కూడా 15 రోజుల్లో అయిపోవాలె. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో ఈ సెక్షన్‌నే చూపించి, వయసుకు ఆధార్ రుజువు కాదు, బడి సర్టిఫికెట్ నమ్మదగింది అన్నది. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అయితే ఇంకా సూటిగా చెప్పింది: వయసు రుజువు లేదని ఏ పిల్లకూ బడిలో చేరడానికి అడ్డం చెప్పొద్దు. అంటే కాగితం లేకుండా పిల్ల బడికి రావచ్చు, క్లాసులో కూర్చోవచ్చు, మధ్యాహ్నం అన్నం తినవచ్చు. అదే బడి గ్రౌండ్‌లో గీత మీద నిలబడటానికి మాత్రం కుదరదు. నేరం చేసిండని అనుమానమున్న పిల్లాడికి ఇచ్చిన మర్యాద, 600 మీటర్లు పరుగెత్తుతా అన్న పిల్లకు ఇవ్వలేరా?

రూల్ ఉంది కాబట్టి దారి లేదు అనేవాళ్లకు నేనెప్పుడూ మాలావత్ పూర్ణ కథ చెప్తా. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, మన గిరిజన బిడ్డ, సోషల్ వెల్ఫేర్ గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, ఇంకా పద్నాలుగు నిండలేదు. తోడుగా ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే 16 ఏండ్లు నిండాలని రూల్. అయితే ఏం చేసిండ్రు? పిల్ల వయసు మార్చలేదు, దొంగ కాగితం పెట్టలేదు. టిబెట్ వైపు నుంచి ఎక్కించిండ్రు. వెనుక గురుకుల సొసైటీ ఉంది, అధికారులు ఉన్నరు, చెయ్యాలన్న పట్టు ఉంది. ప్రపంచంలోనే ఎత్తైన కొండకు రెండో దారి వెతికిన రాష్ట్రం, మండల ఆటల పోటీలకు రెండో దారి వెతకలేదంటే నమ్మమంటారా?

ఇక ఆడపిల్లల సంగతి ఒకటి విడిగా రాయాలె. ఇది రాయడానికి నాకు కొంచెం ఇబ్బందే.

వయసు ఒక్కటే కాదు, "నువ్వు ఆడపిల్లవేనా" అనే ప్రశ్న కూడా మన పిల్లల మీద పడుతది. జుట్టు కత్తిరించుకున్న పిల్ల, ఛాతీ ఎదగని పిల్ల, గొంతు బొంగురున్న పిల్ల, గెలిస్తే చాలు గుసగుసలు మొదలైతయి. ద్యుతీ చంద్ గుర్తున్నదా? ఒడిశా నేత కుటుంబం బిడ్డ, మన హైదరాబాద్‌లోనే నాగపురి రమేశ్ గారి దగ్గర శిక్షణ తీసుకున్నది. 2014లో ఒంట్లో హార్మోన్ ఎక్కువుందని కామన్‌వెల్త్ క్రీడల జట్టు నుంచి తీసేసిండ్రు. ఆమె ఊరుకోలేదు, అంతర్జాతీయ క్రీడా కోర్టు దాక పోయింది, 2015 జులైలో ఆ రూల్‌నే పక్కన పెట్టించింది. ఆమె కంటే ముందు తమిళనాడు దళిత బిడ్డ శాంతి సౌందరరాజన్‌కు అంత అండ దొరకలేదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వచ్చిన వెండి పతకం తీసుకున్నరు. 2023లో హాంగ్జౌలో మన గురుకులం బిడ్డ అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిస్తే, మన దేశపు తోటి క్రీడాకారిణే ఆమె ఆడది కాదన్నట్టు సోషల్ మీడియాలో రాసింది, తర్వాత తీసేసింది. టీ అమ్ముకునే నాన్న కూతురు ఆసియా పతకం తెస్తే మొదట వచ్చిన మాట అది.

ఇప్పుడు 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ, ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో ఆడవాళ్ల విభాగంలో దిగాలంటే ఒక జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. పైస్థాయిలో ఆ రూల్ సరైనదా కాదా అని పెద్దపెద్ద వాళ్లు కొట్లాడుకుంటున్నరు. ఆ వాదన ఇక్కడ తేల్చలేను. నా భయం వేరే. పైన ఒక రూల్ వస్తే కింద దాని నీడ పడుతది. రేపు ఏ జిల్లా మీట్‌లోనో ఒక పెద్దమనిషి, ప్రత్యర్థి జట్టు కోచో, మన పదమూడేండ్ల పిల్లను చూపించి "పరీక్ష చేయించండి" అంటడు. హాస్టల్ పిల్లకు పక్కన అమ్మ ఉండదు. వద్దు అని చెప్పే ధైర్యం ఉండదు. కాబట్టి రాష్ట్రం ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పాలె: బడి స్థాయి ఆటల్లో ఏ పిల్ల ఒంటినీ ఎవరూ పరీక్షించొద్దు, అట్ల అడిగినోళ్ల మీద పోక్సో కింద ఫిర్యాదు పోతది అని. రూల్ లేని చోటనే ఇట్లాంటివి జరుగుతయి.

రూల్స్ గురించి ఇంత మాట్లాడేవాళ్లు ఇంకో రూల్ ఎందుకు చదవరో నాకు అర్థం కాదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని ఉంది, ఆట సామాను ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వ్యాయామ విద్య బోధకుడు, అది కూడా పార్ట్ టైమ్, ఎప్పుడు ఉండాలంటే పిల్లలు వంద దాటితే. వంద! మన గూడేల బడుల్లో వంద మంది పిల్లలు ఎక్కడున్నరు? ముప్పై, నలభై మంది ఉన్న బడికి చట్టమే పీఈటీ అవసరం లేదన్నది. అప్పుడు ఆ పిల్ల ఫారం ఎవరు నింపుతరు? ఎవరు బస్ ఎక్కించి జిల్లాకు తీసుకపోతరు? ఆశ్రమ పాఠశాలల పిల్లలకు, గురుకులాల పిల్లలకు కనీసం వాళ్ల వాళ్ల సొసైటీ మీట్‌లు ఉన్నయి. పాల్వంచ పక్కన కిన్నెరసానిలో గిరిజన పిల్లల కోసం స్పోర్ట్స్ స్కూల్ ఉంది. ఊరి బడిలో, వలస వచ్చిన చోట బడిలో ఉన్న పిల్లకు ఇవేవీ లేవు. పాల్మాకుల దగ్గర ఫామ్‌హౌస్ గేటు వెనుక పెరిగే ఆదివాసీ పిల్ల ఏ ఐటీడీఏ కిందకూ రాదు. ఇక్కడ ఆమె ఆదివాసీ అని కూడా ఎవరికీ తెల్వదు, "వాచ్‌మెన్ బిడ్డ" అంతే.

2025 ఆగస్టులో రెండు పెద్ద సంగతులు జరిగినయి. రాష్ట్రం కొత్త క్రీడా విధానం విడుదల చేసింది. పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. దేశానికి ఒక క్రీడా బోర్డు, ఒక క్రీడా ట్రిబ్యునల్ వస్తయంట. మంచిదే, సంఘాల్లో ఏండ్లకేండ్లు కూర్చున్నోళ్లు కొంచెం కదులుతరేమో. కానీ గంగారం పిల్ల గొడవ ఢిల్లీ ట్రిబ్యునల్ దాక పోతదా? ఆమెకు కావాల్సిన ట్రిబ్యునల్ మండల విద్యాధికారి టేబుల్ దగ్గర, పోటీ రోజు పొద్దున ఎనిమిదింటికి ఉండాలె.

నేను అడిగేది పెద్ద సంగతేం కాదు. కాగితాలు కలవని పిల్లను తాత్కాలికంగ ఆడనివ్వండి. ఫలితం పక్కన పెట్టండి, సర్టిఫికెట్ ఆపండి, 60 రోజులు టైమ్ ఇవ్వండి. ఆ లోపు తేదీ తేలితే పతకం ఇవ్వండి, తేలకపోతే రెండోస్థానం వాళ్లకు ఇవ్వండి. ఎవరికీ నష్టం లేదు. కోర్టుల్లో రోజూ "తుది తీర్పుకు లోబడి" అని ఆర్డర్లు ఇస్తరు కదా, పరీక్షలకు కూర్చోనిస్తరు కదా, అట్లనే. ఎముకల పరీక్ష తప్పనిసరి అనుకుంటే ఖర్చు సర్కారుది, జిల్లా ఆసుపత్రిలో, అమ్మనో నాన్ననో పక్కన ఉండంగ, రిపోర్టు తెలుగులో. అప్పీలు ఎక్కడ చేసుకోవాలో ఫారం వెనుకనే రాసి ఉండాలె. ఆరో తరగతిలో చేరిన ప్రతి గిరిజన పిల్ల కాగితాలు ఆ ఏడాదే కలిపి చూడాలె, తేడా ఉంటే అప్పుడే సరిచెయ్యాలె. ఆటల సీజన్ వచ్చినంక కాదు.

ఇది సర్కారు చేసేది. సర్కారు చేసేదాక మనం కూర్చోవద్దు. డిగ్రీలు చేసినోళ్లం, ఫోన్లు చేతిలో ఉన్నోళ్లం, మనం చెయ్యగలిగింది ఉన్నది.

పుట్టి ఏడాది దాటిన పిల్లకు కూడా బర్త్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెల్వదు. 1969 జనన మరణాల నమోదు చట్టం, 13వ సెక్షన్. ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాల్సి ఉండె. 2023 సవరణతో ఆ అధికారం కలెక్టర్‌కు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు, అంటే మన భాషలో ఆర్డీవోకు వచ్చింది. మీసేవలో లేట్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. రికార్డులో పేరు లేదని పంచాయతీ సెక్రటరీ రాసిచ్చిన కాగితం, అఫిడవిట్, బడి కాగితం పట్టుకపోవాలె. తిరగాలె, రెండు మూడు సార్లు తిరగాలె, కూలి పోతది. అందుకే తల్లిదండ్రులు పోరు. మనం పోవాలె. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగ ఒక్కసారే మార్చనిస్తరు, కాబట్టి ముందు బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చినంకనే ఆధార్ సెంటర్‌కు పోండి. తొందరపడి ముందే మార్చి, ఆ ఒక్క అవకాశం పోగొట్టుకున్నోళ్లను నేను చూసిన.

ఇంకొకటి. ఆ 2023 సవరణ ప్రకారం, 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. ఇప్పుడు గూడెంలో పాకుతున్న పిల్లలు వాళ్లే. 21 రోజుల లోపు నమోదు చేస్తే పైసా ఖర్చు లేదు. మీ గూడెంలో ఈ నెల ఎవరింట్ల పిల్ల పుట్టింది? అంగన్‌వాడీ టీచర్‌ను, ఆశ అక్కను అడగండి. నమోదైందా చూడండి. వాళ్లకు ఆటలు గుర్తొచ్చేసరికి 2035 వస్తది, అప్పుడు ఎవరూ "జాతర ఏడు" అని చెప్పి నవ్వాల్సిన పని ఉండొద్దు.

గంగారం పిల్ల వయసు నిజంగ ఎంతో నాకు తెల్వదు. పదమూడు కావచ్చు, పదిహేను కావచ్చు. పదిహేనైతే అండర్-17లో పరుగెత్తుతది, అక్కడ ఓడిపోతే ఓడిపోతది. ఆమెకు ఓడిపోయే హక్కు కూడా లేకుండా చేసినరు, నా బాధ అదే. వచ్చే జనవరిలో మళ్లీ మేడారం జాతర. వాళ్లమ్మ సెలవు అడిగింది, ఫామ్‌హౌస్ యజమాని ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఊరికి పోయినప్పుడు పంచాయతీ సెక్రటరీ దగ్గర కాగితం కూడా తెస్తా అన్నది. ఆమెతోని నేను పోతున్న, నా షిఫ్ట్ మార్చుకున్న.

ఆదివారాలు పొద్దున ఆరింటికి మేము పాల్మాకుల గ్రౌండ్‌లో ఉంటం. శంషాబాద్‌లో, విమానాశ్రయం కార్గోలో, గోడౌన్లలో పనిచేసే మనోళ్లు ఎవరన్నా ఉంటే రాండి. నైట్ డ్యూటీ దిగి నేరుగ వచ్చినా సరే. చున్నం ఉంది, తాడు ఉంది. స్టాప్‌వాచ్ ఒకటి, పాత షూ ఉంటే నాలుగు, ఐదు నంబర్ల సైజువి, తెచ్చిపెట్టండి.